జింక ఎత్తుకుపోయిన అరణి: కథల ఆటలో పిట్టకథ కట్టే తీరు

అరణ్యపర్వం ముగింపుకొచ్చింది. పాండవుల వనవాసం పన్నెండేళ్ళూ అయిపోవచ్చాయి. ఇక మిగిలింది అజ్ఞాతవాసం. ఆ ఏడాదిలో ఎవరైనా గుర్తుపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవిపాలు. అంతటి దిగులు నెత్తిన ఉండగా ఒక బ్రాహ్మడు పరుగున వచ్చాడు. చెట్టుకు తగిలించుకున్న తన అరణి ఒక జింక కొమ్ములకు చిక్కుకుందట, అది దాంతోపాటే పారిపోయిందట. అగ్నిహోత్రం ఆగిపోతుంది, ఎలాగైనా తెచ్చిపెట్టమన్నాడు.

రాజ్యం పోగొట్టుకున్నవాళ్ళకు రెండు కట్టెముక్కల పని! అయినా ఐదుగురూ విళ్ళు పట్టుకుని కదిలారు. జింక దొరకలేదు, దాహం మాత్రం మిగిలింది. తర్వాత మడుగు, యక్షుడి మాట పెడచెవిన పెట్టిన నలుగురు తమ్ముళ్ళు కూలిపోవడం, ధర్మరాజు జవాబులు మనకు తెలిసినవే. ఒక్క తమ్ముణ్ణే బతికిస్తానంటే భీమార్జునులను కాదని నకులుణ్ణి కోరడమూ తెలిసిందే. అంతగా ఎవరూ తలుచుకోని సంగతి ఒకటుంది. యక్షుడి రూపంలో వచ్చిన యమధర్మరాజు వరాలు కోరుకోమన్నప్పుడు ధర్మరాజు ముందుగా అడిగింది ఆ బ్రాహ్మడి అరణి. అజ్ఞాతవాసంలో తమను ఎవరూ గుర్తుపట్టకూడదన్న వరం ఆ తర్వాతే అడిగాడు.

టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడించే ప్రతివారూ ఈ ఘట్టాన్ని పక్కన పెట్టుకుని తమ ఆట రాసుకోవాలని నా గట్టి నమ్మకం. దారిన పోయేవాడి చిన్న అక్కరతో మొదలైంది. మధ్యలో ప్రాణాల మీదికొచ్చింది. ఎవరిని దక్కించుకోవాలో తేల్చుకోవలసి వచ్చింది. చివరికి అసలు కథలో అన్నిటికంటే పెద్ద చిక్కుకు అక్కడే విరుగుడు దొరికింది. పైగా మొదట సాయం అడిగినవాణ్ణి ఎవరూ మరిచిపోలేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, అడవి, దారిలో ఎదురయ్యే మనుషులు, శత్రువులు అందరి తరఫునా ఆ ఒక్కరే మాట్లాడతారు. మిగతావాళ్ళు ఒక్కో పాత్ర. ఒకరు కత్తిపట్టిన యోధుడు, ఒకరు వైద్యురాలు, ఒకరు మాటకారి దొంగ. ‘‘నేను గోడ ఎక్కుతున్నాను’’ అని ఆటగాడంటే, ఎక్కగలిగాడా జారిపడ్డాడా అన్నది పాచిక తేలుస్తుంది. తెర లేదు, ముందే రాసిన సంభాషణ లేదు. కథ అక్కడికక్కడే నోటి మాటగా పుడుతుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటకు ఒక రూపం వచ్చింది. ఇందులో అసలు కథ ఒకటుంటుంది. రాకుమారిని విడిపించడమో, మాంత్రికుణ్ణి ఆపడమో. దాని పక్కన, చేసినా చేయకపోయినా నడిచిపోయే చిన్న పనులుంటాయి. వాటినే సైడ్ క్వెస్ట్ అంటారు. హరికథ వినే అలవాటున్నవాళ్ళకు పిట్టకథ అంటే చాలు.

ఈ పిట్టకథలు చాలా ఆటల్లో చప్పగా ఉంటాయి. ఊరి పెద్ద ఎదురొచ్చి కొండ మీద తోడేళ్ళున్నాయి, పది తోళ్ళు తెస్తే ఇరవై నాణేలిస్తానంటాడు. ఆటగాళ్ళు వెళతారు, చంపుతారు, డబ్బు తీసుకుంటారు. మరునాటికి ఆ ఊరి పేరు కూడా గుర్తుండదు. కంప్యూటర్ ఆటల్లో ఇది చెల్లుతుంది, అక్కడ కళ్ళకు బొమ్మలున్నాయి, చేతికి పని ఉంది. బల్ల దగ్గర ఉన్నది మాట ఒక్కటే. మాటలో మనిషి లేకపోతే ఇంకేమీ మిగలదు.

మంచీ చెడూ రెండూ ఒకే పుస్తకంలో చూడాలంటే 2014లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు స్టార్టర్ సెట్‌తో వచ్చిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ తిరగేయవచ్చు. కొత్తవాళ్ళలో ఎందరో దానితోనే ఆట నేర్చుకున్నారు. ఫాండలిన్ అనే చిన్న ఊరు, అపహరణకు గురైన ఒక మరుగుజ్జు, అతన్ని దాచిన క్రాగ్‌మా కోట ఎక్కడుందో తెలియకపోవడం, ఇదీ అసలు కథ. ఊరి అధికారి ఒక పని చెబుతాడు. వైవర్న్ టోర్ అనే గుట్ట దగ్గర ఓర్క్‌లు తిరుగుతున్నాయి, తరిమేస్తే వంద బంగారు నాణేలు. అంతే. ఆడితే ఒక సాయంత్రం గడుస్తుంది, ఆడకపోతే పోయేదేమీ లేదు.

అదే ఊళ్ళో గారాయెల్ అనే పూజారిణి ఇంకో పని అడుగుతుంది. అడవిలో అగాథా అనే ప్రేతం ఉంది. ఒకప్పుడు అందగత్తె. ఆమెకు ఈ వెండి దువ్వెన కానుకగా ఇచ్చి, ఫలానా మంత్రగ్రంథం ఎక్కడుందో అడిగి రమ్మంటుంది. అగాథా ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. ఆటగాళ్ళు ప్రేతం ముందు నిలబడ్డాక గాని ఇందులోని మెలిక బయటపడదు. ఆమెకు ఆ కోట జాడ కూడా తెలుసు. ఉన్నది ఒక్క ప్రశ్న. పూజారిణికిచ్చిన మాట నిలబెట్టుకోవడమా, తమ అవసరం తీర్చుకోవడమా? ఇక్కడ బల్ల చుట్టూ వాదన మొదలవుతుంది, పాచికల మోత ఆగిపోతుంది. ఒక్క తమ్ముణ్ణే బతికిస్తానన్న యక్షుడి షరతు మనకు కొత్త కాదు కదా. కత్తి తీయనక్కర లేకుండా, వెండి దువ్వెన ఒక్కటి చేతిలో పెట్టి ఇంత బిగి తెచ్చినవారికి నా నమస్కారం.

పిట్టకథ ఎక్కడ దొరుకుతుంది? దీనికి మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు మంచి దారి చూపాయి. కాశీకి నడిచిపోతున్న మణిసిద్ధుడి వెంట ఒక గోపకుమారుడు వస్తాడు, దారిలో కథలు చెప్పాలన్నది వాడి షరతు. ప్రతి మజిలీలోనూ గురువు వంట, స్నానం చూసుకుంటుంటే వాడు ఊరు చూడ్డానికి పోతాడు. ఏదో ఒక వింత కంటపడుతుంది. ఇదేమిటో చెబితే గాని కదలనంటాడు. కథ గురువు నోట్లోంచి వచ్చినా, దాన్ని రప్పించింది కుర్రాడి కన్ను. మన ఆటలోనూ అంతే జరగాలి. పని ఉందని గేమ్ మాస్టర్ ప్రకటించడం కంటే, ఆటగాళ్ళ కంటికి పొసగనిదొకటి చూపించి ఊరుకోవడం మేలు. అడగవలసింది వాళ్ళు.

ఆ కన్ను ఎక్కడ తెరుచుకుంటుందంటే మనం రోజూ తిరిగే చోటే. హైదరాబాద్ శివారు బాటసింగారం సంగతే తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య కొత్తపేటలో ఉండిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో ఇక్కడి లాజిస్టిక్ పార్కుకు తరలింది. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ హైవే మీద వస్తే మామిడి కాలంలో వాసనే దారి చూపుతుంది. రాత్రంతా లారీలు, డీసీఎంలు దిగుతుంటాయి. హమాలీలు, కమీషన్ ఏజెంట్లు, గుమస్తాలు, తూకం వేసే దడువాయిలు, గడ్డి మీద కాయలు పోసుకుని ధర కోసం కాచుకున్న రైతులు. ఒక్కొక్కరికీ ఒక్కో అక్కర, ఒక్కో తొందర. గేమ్ మాస్టర్‌కు ఇంతకంటే పెద్ద భోషాణం ఎక్కడుంటుంది?

ఈ దారికి పాత చరిత్ర కూడా ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వర్తకం సాగింది ఈ తూర్పు దిక్కుకే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన హయత్‌నగర్‌లో మసీదు, దాని చుట్టూ బాటసారులకు సరాయి కట్టించారు. అంటే గోల్కొండ విడిచినవాళ్ళకు అది ఒక మజిలీ. అందుకని ఇక్కడ నేను కట్టి చూపించే ఆటలో అసలు కథ ఇలా పెడతాను: ఆటగాళ్ళు నలుగురూ గోల్కొండ నుంచి లక్కముద్ర వేసిన ఒక లేఖను మచిలీపట్నం రేవు అధికారికి చేర్చాలి. వెనక ఎవరో వెంటాడుతున్నారు. హయత్‌నగర్ సరాయిలో రాత్రి గడిపి, తెల్లారుజామున బాటసింగారం చేరతారు. ఆట కాబట్టి ఇప్పటి పండ్ల మార్కెట్‌ను మూడున్నర శతాబ్దాలు వెనక్కి జరిపాను. లారీల స్థానంలో ఎడ్లబండ్లు.

అక్కడ ఒక ముసలమ్మ మామిడికాయల బండి పక్కన నిలబడి ఉంటుంది. దేబిరించదు, డబ్బు ఆశ చూపదు. ఆటగాళ్ళు తనవైపు చూసినప్పుడు మాత్రం ఇలా అంటుంది: ‘‘బిడ్డా, మీరు నాలుగూళ్ళు తిరిగినోళ్ళ లెక్క కొడుతున్నరు. నా కాయలు కాంటా ఎక్కినప్పుడు జర పక్కన నిలబడుండ్రి. ఏం మాట్లాడకున్నా మంచిదే.’’

కోరిక ఎంత చిన్నదో చూడండి. పక్కన నిలబడాలి, అంతే. ఇంటి దగ్గర తూచుకుని వచ్చిన కాయలు ఇక్కడ కాంటా మీద ప్రతిసారీ తగ్గుతున్నాయి. ఒంటరి ఆడమనిషి మాట ఎవరూ వినడం లేదు. కొత్త గేమ్ మాస్టర్లు మొదటి మాటలోనే ఊరిని రాక్షసుడి పాలు చేస్తారు. దాంతో అసలు కథకూ పిట్టకథకూ ఎత్తు ఒకటే అయిపోయి రెండూ వెలవెలబోతాయి. చిన్నగా అడిగితేనే, సాయం చేయడం ఆటగాళ్ళు తమంతట తాము ఎంచుకున్న పని అవుతుంది.

ఇప్పుడు కాంటా దగ్గరికి వెళదాం. రెండు పళ్ళాల త్రాసు. తూకపురాళ్ళు పెట్టే పళ్ళెం అడుగున పెద్ద లక్కముద్ద అంటించి ఉంది. దాంతో రాళ్ళ పక్షం బరువెక్కి, ప్రతి తూకానికీ అదనంగా కొన్ని కాయలు వేస్తే గాని ముల్లు నిలవదు. ఈ మోసం ఆటగాళ్ళకు తెలియాలి. ఎలా? ‘‘పరిశీలించు, పాచిక వెయ్యి’’ అని ఒక్క అవకాశం ఇచ్చి వదిలేస్తే జరిగేది లెక్కగట్టి చూద్దాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్ర నేర్పును కలుపుతారు. ఓ మోస్తరు కష్టమైన పనికి 15 రావాలి. నేర్పు 3 ఉన్న పాత్రకు పాచిక మీద 12 గాని అంతకంటే ఎక్కువ గాని పడాలి. ఇరవైలో తొమ్మిది ముఖాలు, అంటే 45 శాతం. సగానికి పైగా సార్లు పిట్టకథ గుమ్మంలోనే ఆగిపోతుందన్నమాట. గేమ్ డిజైనర్ జస్టిన్ అలెగ్జాండర్ దీనికి చెప్పిన మందు చాలామందికి కంఠతా వచ్చు: ఆటగాళ్ళు గ్రహించి తీరవలసిన ప్రతి సంగతికీ కనీసం మూడు ఆధారాలు పెట్టండి.

మన కాంటా దగ్గర అవి ఇవి. దడువాయి గోళ్ళలో ఎర్రటి లక్క మరకలు. రెండు పళ్ళాలూ ఖాళీగా ఉన్నప్పుడు కూడా త్రాసు ఒక పక్కకే మొగ్గడం. తూకం మొదలైన ప్రతిసారీ కళ్ళు తిప్పుకునే ఒక హమాలీ కుర్రాడు. ఒక్కోదానికి 45 శాతమే అనుకున్నా, మూడూ తప్పిపోయే అవకాశం 17 శాతానికి మించదు. 83 శాతం సార్లు ఏదో ఒకటి చేతికి చిక్కుతుంది. పైగా మూడు రకాల పాత్రలకు పని దొరికింది. చూపున్నవాడు గోళ్ళు చూస్తాడు, లెక్కలవాడు త్రాసు చూస్తాడు, మాటకారి కుర్రాడి భుజం మీద చెయ్యి వేస్తాడు.

ఆ ఎర్ర లక్కే అసలు కథకు కట్టిన తాడు. కాస్త ఆలోచించే ఆటగాడు తన సంచిలోని లేఖ బయటికి తీస్తాడు. ముద్ర మీదిదీ అదే ఎరుపు. నిన్న రాత్రి సరాయిలో తాము నిద్రపోతుండగా ఎవరో లేఖ తెరిచి, చదివి, మళ్ళీ ముద్ర వేశారు! ఆ దొంగముద్ర వేసినవాడు ఈ దడువాయే. ముసలమ్మ పక్కన నిలబడకపోతే ఈ సంగతి మచిలీపట్నం చేరేదాకా తెలిసేది కాదు. పిట్టకథకు ప్రతిఫలంగా నాణేల సంచి ఇవ్వడం నాకు ఎప్పుడూ పేదగానే కనిపిస్తుంది. కబురు ఇవ్వాలి, లేదా ఒక మనిషిని ఇవ్వాలి, లేదా ఒక శత్రువును ఇవ్వాలి. అజ్ఞాతవాసపు వరం ఎన్ని నాణేలకు వస్తుంది?

ఇంతటితో వదిలేస్తే ఇది ఒట్టి పొడుపుకథ. దడువాయిని అతని గుడిసెలో నిలదీసినప్పుడు అతను ఏడుస్తాడు. అతని తమ్ముణ్ణి అప్పు కింద పట్టుకుపోయినవాడే ఈ రెండు పనులూ చేయిస్తున్నాడు. ‘‘ఈ ఒక్క పూట ఊరుకోండి, నా తమ్ముడు బయటికొస్తాడు. మీ లేఖ ఎవరు చదివారో చెబుతాను’’ అంటాడు. ఊరుకుంటే ముసలమ్మ మునుగుతుంది. బయటపెడితే జనం అతన్ని ఈడ్చుకుపోతారు, లేఖ చదివినవాడి పేరు అతనితోనే పోతుంది. రెండింటికీ మధ్య ఆటగాళ్ళు మూడో దారి కనిపెట్టవచ్చు. కనిపెడితే గేమ్ మాస్టర్ సంతోషించాలి, అడ్డుపడకూడదు. మీరు ముందే ఒక జవాబు రాసిపెట్టుకుని అటువైపు తోలుకుపోతే మాత్రం ఆటగాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. మరోసారి ఏ ముసలమ్మ పిలిచినా వాళ్ళు ఆగరు.

ఇలాంటి చోట్ల గెలుపో ఓటమో తేల్చేసే పాచిక కంటే, మధ్య మెట్టు ఉన్న పద్ధతి నాకు ఇష్టం. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ ఆటలో వైకుంఠపాళీకి వాడే మామూలు పాచికలు రెండు వేస్తారు. నేర్పు కూడిన మొత్తం 10 గాని అంతకంటే ఎక్కువ గాని అయితే పని నెరవేరినట్టు, 6 గాని అంతకంటే తక్కువ గాని అయితే చిక్కు ముదిరినట్టు. 7 నుంచి 9 దాకా పడితే పని అవుతుంది కానీ మూల్యం చెల్లించాలి. దడువాయిని ఒప్పించబోతే 8 పడిందనుకోండి. పేరు చెబుతాడు, కానీ ఆ మాట హమాలీ కుర్రాడి చెవిన కూడా పడింది. వాడు ఎవరి మనిషి? వచ్చే వారానికి మీకు ఇంకో కథ సిద్ధం.

కాలం సంగతి కూడా చెప్పాలి. అసలు కథకు తొందర ఉన్నప్పుడు పిట్టకథ దగ్గర ఎంతసేపైనా తచ్చాడగలిగితే బిగి సడలుతుంది. 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆటలో జాన్ హార్పర్ దీనికి కాగితం మీద గీసే గడియారం వాడాడు. ఒక వృత్తం గీసి నాలుగో ఆరో ఎనిమిదో ముక్కలు చేస్తారు. ఆలస్యమైనప్పుడల్లా, పాచిక ఎదురుతిరిగినప్పుడల్లా ఒక ముక్క నింపుతారు. మామిడి మార్కెట్‌లో ఆ గడియారం వెతుక్కోనక్కర లేదు. కాయ మాగుతూనే ఉంటుంది. ఆరు ముక్కల వృత్తం గీసి బల్ల మధ్యన అందరికీ కనబడేలా పెట్టండి. ఎండ ఎక్కుతోంది, ఒక ముక్క. దడువాయి మాట మార్చాడు, ఇంకో ముక్క. ఆరూ నిండేసరికి అడుగు కాయలు మెత్తబడతాయి, ముసలమ్మ వచ్చిన ధరకు అమ్మేసుకుని పోతుంది. ఎంతసేపుందో అడగాల్సిన పని ఆటగాళ్ళకు ఉండదు, బల్ల మీదే కనిపిస్తుంటుంది.

వద్దనే హక్కు ఆటగాళ్ళకు నిజంగా ఉండాలి. ‘‘మాకు పనుంది అవ్వా’’ అని వాళ్ళు సాగిపోతే గేమ్ మాస్టర్ అలగకూడదు, వెనక్కి లాగకూడదు, శిక్షించకూడదు. లోకం మాత్రం తన దారిన నడవాలి. మూడు మజిలీల తర్వాత ఒక ఏటి రేవు దగ్గర ఖాళీ బండి తోలుకుపోతున్న అదే ముసలమ్మ ఎదురవుతుంది. చూసీ చూడనట్టు పోతుంది. వెంటాడేవాళ్ళు వచ్చి అడిగినప్పుడు, నలుగురు ఇటే పోయారని దాచకుండా చెబుతుంది. సాయం చేసి ఉంటే అదే అవ్వ గంపల కింద దాచి రేవు దాటించేది. రెండింటికీ మనిషి ఒకరే, బండి ఒకటే. కొత్తగా కల్పించాల్సింది పెద్దగా లేదు.

పిట్టకథను ఒక్క పాత్ర కోసమే మలచవలసిన సందర్భాలూ ఉంటాయి. ద్రౌపది సౌగంధిక పుష్పాలు కోరితే బయల్దేరింది భీముడు. దారికడ్డంగా పడున్న ముసలి కోతి తోక ఎత్తలేక అవస్థ పడిందీ భీముడే. బలమే తన గుర్తింపు అనుకున్నవాణ్ణి బలం చాలని చోట నిలబెట్టారు. అక్కడ హనుమంతుడిచ్చిన మాట కురుక్షేత్రంలో అర్జునుడి రథం జెండా మీదికెక్కింది. మీ బల్ల దగ్గర ఎవరైనా కొన్ని వారాలుగా వెనకబడి కూర్చుంటే, వారి పాత్ర గర్వమో భయమో తెలుసుకుని దాని ఎదుటికే ఒక దారి తీయండి. మిగతావాళ్ళకు కూడా చేతినిండా పని ఉండేట్టు మాత్రం చూసుకోండి. ఒకరు ఆడుతుంటే ముగ్గురు ఫోన్లు చూసుకునే పిట్టకథ ఎంత గొప్పదైనా దండగే.

నిడివి విషయంలో నా మాట కచ్చితం. ఒకే విడతలో, మూడు నాలుగు గంటల్లో, ముగియాలి. మూడు చోట్లు చాలు: అక్కర కనబడిన చోటు, నిజం తెలిసిన చోటు, తేల్చుకోవలసిన చోటు. పైన చెప్పిన కథలో బండి, కాంటా, దడువాయి గుడిసె. నాలుగోది రాయాలనిపిస్తే అది వేరే పిట్టకథ అనుకోండి.

ఇదంతా తెలుగులో రాసుకోవడానికి, అచ్చువేసి అమ్ముకోవడానికి కూడా ఇప్పుడు అడ్డంకి లేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు మూల నియమావళిని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం పేరు చెబితే చాలు, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓర్క్‌లు, డ్రాగన్లు ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. సరూర్‌నగర్ చెరువు, వనస్థలిపురం పక్కన కృష్ణజింకలు తిరిగే హరిణ వనస్థలి, రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టిన ఉత్తుత్తి ఊళ్ళు, అన్నీ ఈ రోడ్డు పట్టుకునే ఉన్నాయి. ఏ ఒక్కదాని ముందు ఆగినా ఒక మనిషి, ఒక అక్కర దొరుకుతాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు పెద్ద గ్రంథం రాసుకోనక్కర లేదు. మార్కెట్‌కో, బస్టాండ్‌కో వెళ్ళి అరగంట నిలబడి ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో గమనించండి. ఆట అయిపోయాక, ఆటగాళ్ళు లేచి చెప్పులు వేసుకుంటుండగానే నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయండి: ఎవరికి మేలు జరిగింది, ఎవరు నొచ్చుకున్నారు. వచ్చే వారం వాళ్ళు మళ్ళీ కూర్చున్నప్పుడు, కొత్త ఊరు వర్ణించే ముందు ఆ ఇద్దరిలో ఒకరిని దారిలో నిలబెట్టండి.